సమీకరణమును గీతగా చూచుట

బీజగణితము చదువువారందఱును ఏదో యొక తరగతిలో గళ్ల కాగితమును ముందుంచుకొని, రెండు మూడు చుక్కలు పెట్టి, కొలబద్దతో ఒక తిన్నని గీతను గీయుదురు. ఆ గీతకు మార్కులు వచ్చును. పరీక్ష ముగిసిన పిమ్మట ఆ కాగితము పొట్లములకు పోవును. "లెక్క చేసి జవాబు తెలిసికొన్న తరువాత మరల ఈ బొమ్మ యెందులకండీ?" అని యడుగు పిల్లలు మా తరగతిలో ప్రతి సంవత్సరమును ఉందురు. ప్రశ్న మంచిదే. జవాబు ఒక్క సంఖ్యయై, అది తెలిసిపోయినప్పుడు బొమ్మ యవసరము లేదని నేనును ఒప్పుకొందును. కాని మన యిండ్లలో వచ్చు లెక్కలలో ఒక సంఖ్య తఱచుగా ఇంకను తెలియకుండగనే నిర్ణయము చేసికొనవలసి వచ్చును. గీత పనికివచ్చునది అప్పుడే. జక్రాన్‌పల్లిలో పసుపు పండించు ఇండ్లలో ఇది యేటేట జరుగు సంగతి గనుక అక్కడినుండియే మొదలుపెట్టుచున్నాను.

పసుపును సాధారణముగా జనవరి మొదలు మార్చి వరకు త్రవ్వుదురు. పచ్చికొమ్ములను ఉడుకబెట్టి, కల్లమున పది పదునైదు దినములు ఎండబెట్టి, మెఱుగుపట్టి, బస్తాల కెత్తి, సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున నున్న నిజామాబాదు మార్కెటునకు చేర్చుదురు. ఎండుటలో బరువు మిక్కిలి తగ్గును. ఉరమరగా అయిదు పాళ్ల పచ్చిపసుపు ఒక పాలు ఎండుపసుపగును. అయినను విత్తనమును బట్టియు, నేలను బట్టియు, త్రవ్విన అదనును బట్టియు ఒకప్పుడు ఆఱు పాళ్లకు ఒకటియే వచ్చును. ఒకప్పుడు నాలుగు పాళ్లకే ఒకటి వచ్చును. ఎండిన దాకా ఎవరును గట్టిగా చెప్పలేరు.

కొన్నేండ్ల క్రిందట మా తరగతి బాలు డొకడు తన యింటి లెక్కను బడికి తెచ్చెను. వాని తండ్రికి నూరు క్వింటాళ్ల పచ్చిపసుపు వచ్చినది. అది కల్లమున ఎండుచుండగనే బండి మాటాడుకొనవలెను. ఏలయన అందఱి పసుపును ఒక్కసారియే బయలుదేరును, ఆలస్యమైనచో బండి దొరకదు. లారీవాడు బస్తాకు 50 రూపాయల చొప్పున తీసికొందు ననెను. వేఱే కిరాయి లేదు. ట్రాక్టరువాడు రాకపోకలకు 900 రూపాయలు ముందే ఖాయము చేసికొని, ఆపైన హమాలీతో కూడ బస్తాకు 20 రూపాయలు చాలు ననెను. ఇద్దఱిలో ఎవరిని మాటాడుకొనవలెను? బస్తాలెన్నియో తెలిసినచో ఇది అయిదవ తరగతి లెక్క. అవి యెన్నియో తెలియకుండుటయే ఇక్కడి చిక్కు.

తెలియని సంఖ్యకు పేరు పెట్టుట మన దేశమున పాత యలవాటు. పన్నెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన బీజగణితమున మొదటి అవ్యక్తమును యావత్తావత్తనియు, తరువాతి వానిని కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేళ్లతోను పిలిచి, మొదటి అక్షరములతోనే లెక్కలు నడిపెను. పీతక మనగా పసుపుపచ్చనిదే గదా! మన పాఠ్యపుస్తకములందు ఎక్స్, వై అని వ్రాయుదురు. ఈ వ్యాసమున నేను భాస్కరుని త్రోవనే పట్టి బస్తాల సంఖ్యను య అనియు, కిరాయిని క అనియు వ్రాసెదను. అప్పుడు లారీవాని బేరము

క = 50 య

అనియు, ట్రాక్టరువాని బేరము

క = 20 య + 900

అనియు అగును. ఈ రెండును ఏకఘాత సమీకరణములు. అనగా య తనంతట తాను వచ్చుచున్నదే కాని తనతో తాను గుణింపబడుట లేదు. ఇట్టి సమీకరణము గీసిన ప్రతిసారియు తిన్నని గీతయే యగును.

ఇక గీయుట. మన ముంగిట ముగ్గు పెట్టు తల్లులకు గళ్ల కాగితమును గూర్చి కొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. ఇన్ని చుక్కలు, ఇన్ని వరుసలు అని లెక్కించి పెట్టుటలో ఏ చుక్క యెక్కడ నున్నదో రెండు సంఖ్యలతో చెప్పవచ్చును గదా: ప్రక్కకు ఎన్నవది, పైకి ఎన్నవది. ఇదియు నంతియే. కాగితమున అడ్డముగా ఒక గీతయు, నిలువుగా ఒక గీతయు గీయుడు. ఇవి అక్షములు, అవి కలిసిన చోటు మూలబిందువు. అడ్డముగా ఒక్కొక్క గడికి 5 బస్తాలు, నిలువుగా ఒక్కొక్క గడికి 100 రూపాయలు అని పెట్టుకొందము. లారీకి బస్తాలు లేనప్పుడు కిరాయి లేదు, 20 బస్తాలకు 1000, 40 బస్తాలకు 2000. ట్రాక్టరుకు బస్తాలు లేనప్పుడును 900, 20 బస్తాలకు 1300, 40 బస్తాలకు 1700. ఒక్కొక్క దానికి మూడేసి చుక్కలు పెట్టి కలుపుడు.

తిన్నని గీతను నిర్ణయించుటకు రెండు చుక్కలు చాలును. అట్లైన మూడవదెందులకు? మూడవది సాక్షి. ఆ బాలుడే నల్లబల్లమీద ట్రాక్టరు లెక్కను వేయుచు 40 బస్తాలకు 1600 అని వ్రాసెను. కూడికలో నూఱు జాఱిపోయినది. చుక్కలను కలుపబోగా మూడవ చుక్క గీతకు ఒక గడి క్రిందుగా నిలిచినది. తరగతిలో ఎవరును లెక్క తప్పని చెప్పలేదు, కొలబద్దయే చెప్పినది. నా మటుకు నేను విద్యార్థులకు రెండు చుక్కలతో గీత గీయుటను ఎప్పుడును అనుమతింపను.

ఇప్పుడు బొమ్మను చూడుడు. లారీ గీత మూలబిందువునుండి బయలుదేరి నిటారుగా ఎక్కుచున్నది. ట్రాక్టరు గీత 900 కడ మొదలై మెల్లగా ఎక్కుచున్నది. రెండును ఒక్కచోట ఖండించుకొనుచున్నవి. గళ్లు లెక్కింపగా అది 30 బస్తాలకు, 1500 రూపాయలకు సరిపడును. బీజగణితముతోను సరిచూడవచ్చును: 50 య = 20 య + 900 అయినచో 30 య = 900, కావున య = 30. ముప్పదికి లోపల లారీ చౌక, ముప్పదికి పైన ట్రాక్టరు చౌక. పాఠ్యపుస్తకము ఇక్కడ నిలిచిపోవును. రైతునకు మాత్రము పని ఇక్కడ మొదలగును.

నూరు క్వింటాళ్లు ఆఱు పాళ్లకు ఒకటిగా ఎండినచో ఇంచుమించు 1,667 కిలోలు. బస్తాకు 60 కిలోల వంతున 28 బస్తాలు. నాలుగింటికి ఒకటిగా ఎండినచో 2,500 కిలోలు, అనగా 42 బస్తాలు. కావున నిజము 28కిని 42కిని నడుమ నెక్కడనో యున్నది. ఆ రెండు చోట్లను నిలువు గీతలు గీచి, రెండు బేరముల నడుమ నున్న ఎడమును కొలువుడు. 28 కడ లారీకి 1400, ట్రాక్టరుకు 1460. ట్రాక్టరును మాటాడుకొన్నవానికి నష్టము 60 రూపాయలు. 42 కడ లారీకి 2100, ట్రాక్టరుకు 1740. లారీని మాటాడుకొన్నవానికి నష్టము 360 రూపాయలు. ఒక ప్రక్క ఎడము వ్రేలి సందంత, మఱియొక ప్రక్క నోరు తెఱచినంత. బస్తాలెన్నియో ఇంకను తెలియదు. అయినను ఏ తప్పు చిన్నదో, ఏ తప్పు పెద్దదో కంటికి కనబడుచున్నది. ఒక్క జవాబును ఇచ్చు లెక్క ఈ సంగతిని చెప్పజాలదు.

బాలుడు ఆ కాగితమును ఇంటికి తీసికొనిపోయెను. మఱునాడు తండ్రియే బడికి వచ్చెను. కాగితమును ఇటునటు త్రిప్పి చూచి, "సారూ, మొగులు జూస్తె వానొచ్చెటట్టున్నది. మీ గీతల వాన యాడున్నది?" అని యడిగెను. నేను సిగ్గుపడితిని. కల్లముమీద వాన పడినచో పసుపు చెడును. అమ్మదగిన బస్తాలు 20 మాత్రమే మిగులవచ్చును. అప్పుడు లారీకి 1000, ట్రాక్టరుకు 1300, ఎడము 300. మేమిద్దఱమును కూర్చుండి 20 కడ మూడవ నిలువు గీతను గీచితిమి. ఇప్పుడు రెండు ప్రక్కల నష్టములును దగ్గఱదగ్గఱగా నైనవి. వాన వచ్చునో రాదో గీత చెప్పదు; అది ఆయన అనుభవమునకు వదలిన సంగతి. ఆయన కొంతసేపు ఆలోచించి ట్రాక్టరునే మాటాడుకొనెను. వాన రాలేదు. బస్తాలు 36 అయినవి. లారీకి 1800 కావలసిన చోట 1620తో సరిపోయినది.

ఈ రెండు గీతలలోని రెండు సంఖ్యలకును పేళ్లు గలవు. య ప్రక్క నున్న 50, 20 అను వానిని వాలు అందురు. బస్తా ఒక్కటి పెరిగినప్పుడు కిరాయి యెంత పెరుగునో అదియే వాలు. ఒంటిగా నున్న 900 అంతరఖండము. బస్తా ఒక్కటియు ఎక్కింపకున్నను ఇచ్చుకొనవలసిన సొమ్ము. ఇంటి కరెంటు బిల్లులోను, బండి కిరాయిలోను, ఎక్కడ చూచినను ఈ రెండును విడివిడిగా కనిపెట్టుట అలవాటు చేసికొనవలెను. మఱియొక ట్రాక్టరువాడు వచ్చి 700 రూపాయలును బస్తాకు అదే 20యును అడిగినచో వాని గీత మొదటి ట్రాక్టరు గీతకు సమాంతరముగా, రెండు గళ్లు క్రిందుగా పోవును. వాలు ఒక్కటే గనుక అవి యెన్నటికిని కలియవు. అట్టిచోట ఆలోచింపవలసిన పనియే లేదు.

ఒక హెచ్చరిక. గీత యెంత నిటారుగా కనబడునో అది మీరు పెట్టుకొన్న గళ్ల కొలతను బట్టియు ఉండును. నిలువుగా గడికి 100కు బదులు 500 రూపాయలు పెట్టినచో అదే లారీ గీత పడుకొన్నట్లు కనబడును. వార్తాపత్రికలలో ధరలు ఎగసినట్లు చూపు బొమ్మలను చూచినప్పుడు ముందు ప్రక్కనున్న అంకెలను చదువుడు, పిమ్మట గీతను చూడుడు.

గీతకు హద్దులును గలవు. సమీకరణమునకు హద్దు లేదు. ఎడమకును కుడికిని అంతులేక పోవును. కాని పసుపునకు ఋణసంఖ్య బస్తాలు లేవు గనుక మూలబిందువునకు ఎడమ ప్రక్క మనకు పని లేదు. పదునేడున్నర బస్తాలును లేవు. నిజమునకు ఇవి వేఱు వేఱు చుక్కలే, వానిని కలుపుట మన సౌకర్యమునకు. కుడి ప్రక్కను గూడ ట్రాలీలో 60 బస్తాలే పట్టు ననుకొందము. అరువదియొకటవ బస్తాకు ట్రాక్టరు మరల రావలెను, మరల 900 ఇవ్వవలెను. 60 కడ 2100గా నున్న కిరాయి 61 కడ 3020 అగును. తిన్నగా పోవుచున్న గీత అక్కడ తెగి, పైకి దుమికి, మరల అదే వాలుతో సాగును. ఈ తెగిన చోటును చూపక కొలబద్దను చివరిదాక లాగినవాడు కాగితముమీద తప్పు చేయలేదు, కల్లమున తప్పు చేసినవాడగును.

సమీకరణమును గీతతో కలిపి చూపిన కీర్తి ఫ్రాన్సు దేశీయుడైన రెనే డెకార్టునకు ఇచ్చుట వాడుక. ఆయన జ్యామితి గ్రంథము 1637లో వెలువడినది. అదే కాలమున, అదే దేశమున ఫెర్మా అను న్యాయవేత్తయు తనంతట తాను ఈ మార్గమును కనుగొనెను. కప్పుమీద ప్రాకు ఈగను చూచి డెకార్టు దీనిని కనిపెట్టె నను కథ పిల్లలకు ఇంపుగా నుండును గాని దానికి ఆధారము కానరాదు. విద్వాంసుల చేతినుండి ఇది పాఠశాలకు దిగుటకు చాల కాలము పట్టినది. 1901లో జాన్ పెర్రీ అను ఇంజనీరు ఇంగ్లాండులో బడిపిల్లలకు గళ్ల కాగితమును అలవాటు చేయవలెనని గట్టిగా వాదించెను. ఆ వాదము నెగ్గిన తరువాతనే గ్రాఫు హైస్కూలు పాఠమైనది.

పసుపు కల్లమునుండి చెఱకు తోటకు పోదము. మంజీరమీద నిజాంసాగరము 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తి యయ్యెను. ఆ నీటితో బోధను ప్రాంతమున చెఱకు విస్తరింపగా, 1937లో అక్కడి శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. 2015 డిసెంబరులో అది మూతపడు వఱకు ఈ జిల్లా చెఱకు రైతుల లెక్కలు దానిచుట్టునే తిరిగినవి. చక్కెర మిల్లులో ప్రతిదినమును ఆడిన చెఱకును, వచ్చిన చక్కెరను వ్రాసియుంచుదురు. నూఱు టన్నుల చెఱకునుండి సుమారు పది టన్నుల చక్కెర వచ్చుననుకొన్నచో, చెఱకును య అనియు చక్కెరను క అనియు వ్రాయగా గీత మూలబిందువునుండి పోవును. దాని వాలు పదింట ఒక పాలు. చెఱకు లేనిచో చక్కెర లేదు గనుక ఇక్కడ అంతరఖండ మేమియు లేదు.

నెల దినముల లెక్కలను ఇట్లు ముప్పది చుక్కలుగా పెట్టినచో అవి సరిగా గీతమీద పడవు. గీతకు అటునిటు ముసరుకొని యుండును. ఇక్కడ గీత బేరము కాదు, కొలత. కొన్ని చుక్కలు మాత్రము బాగుగా క్రిందికి జాఱియున్న వనుకొందము. ఆ దినములలో ఏమి జరిగినదని విచారింపవలెను. కోసిన చెఱకు ఎండలో నిలువయున్నచో నీరు ఇగిరిపోవును; లోపలి చక్కెరయు విఱిగి, పలుకుకట్టని చక్కెరగా మాఱును. బండ్లు గేటుకడ రెండు మూడు దినములు బారులుతీరి నిలిచిన పిమ్మట ఆడిన చెఱకునకు వాలు తగ్గును. ఇది రైతునకును నష్టమే, మిల్లునకును నష్టమే. మొత్తపు అంకెలు కూడి నెలకు సగటు తీసినచో ఆ మూడు దినములు మిగిలినవానిలో కలిసి కనబడకుండ పోవును. చుక్కలుగా పెట్టినచో అవి తమంతట తామే చేయెత్తి నిలిచియుండును.

గీతలు ఖండించుకొను చోటు ప్రాణములతో ముడిపడిన సందర్భమును ఒకటి చెప్పెదను. నిజామాబాదు మీదుగా సికిందరాబాదునుండి మన్మాడునకు పోవు రైలుమార్గమును నిజాము కాలమున మీటరు గేజిగా వేసిరి. బ్రాడుగేజిగా మాఱిన పిమ్మటను చాల కాలము అది ఒంటి మార్గముగనే నడచినది. ఎదురెదురుగా వచ్చు బండ్లను ఒంటి మార్గమున నడుపుట ఎట్లు? అడ్డముగా కాలమును, నిలువుగా స్టేషనులను వాని దూరముల ప్రకారము పెట్టి, ఒక్కొక్క బండికి ఒక్కొక్క గీతను గీయుదురు. ఎగువ బండి గీత ఎక్కుచు పోవును, దిగువ బండి గీత దిగుచు వచ్చును. వేగము హెచ్చినచో వాలు హెచ్చు. బండి నిలిచియున్నంతసేపు గీత అడ్డముగా పడుకొని యుండును. రెండు గీతలు ఖండించుకొను చుక్క తప్పక ఒక స్టేషనుకు ఎదురుగా పడవలెను. అక్కడ ప్రక్క పట్టా యుండును గనుక ఒకటి నిలిచి మఱియొకదానికి త్రోవ యిచ్చును. ఆ చుక్క రెండు స్టేషనుల నడుమ పడినచో అది కాలపట్టిక కాదు, ప్రమాదము. 1878లో మారే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్యారిసు నుండి లియోనుకు పోవు బండ్ల ఇట్టి పటమును తన గ్రంథమున ప్రకటించి, ఆ పద్ధతి ఇబ్రీ అను ఇంజనీరుదని చెప్పెను.

ఇంతవఱకు మూలబిందువునకు క్రింది భాగమును మనము ముట్టలేదు. ఆ భాగమునకు తగిన పేరు మన భాషలోనే యున్నది. ధనసంఖ్య యనగా ఉన్న సొమ్ము, ఋణసంఖ్య యనగా అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు ఈ రెండు మాటలతోనే కూడికకును గుణకారమునకును సూత్రములు వ్రాసెను. బంధువుకడ వడ్డీ లేక 6000 రూపాయలు చేబదులు తెచ్చుకొని నెలకు 500 చొప్పున తీర్చువాని గీత క = 500 య − 6000. అది నేలక్రింద 6000 కడ మొదలై మెట్టుమెట్టుగా ఎక్కి, పన్నెండవ నెలలో అడ్డగీతను దాటును. దాటిన పిమ్మట అదే అలవాటును మానకున్నచో పదునైదవ నెలకు 1500 మిగులు.

వడ్డీతో కూడిన అప్పు వేఱు సంగతి. మన పల్లెలలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యని తేలికగా అందురు. అది ఏడాదికి నూటికి 24. పదివేలు తెచ్చుకొన్నచో, బారువడ్డీ ప్రకారము సంవత్సరము చివర 12,400, రెండవ సంవత్సరము చివర 14,800, మూడవదానికి 17,200, నాల్గవదానికి 19,600, అయిదవదానికి 22,000. ఈ చుక్కలు తిన్నని గీతమీద పడును. ఏటేట వడ్డీని అసలులో కలుపు చక్రవడ్డీ ప్రకారము మొదటి సంవత్సరము చివర అదే 12,400, రెండవదానికి 15,376, మూడవదానికి ఇంచుమించు 19,066, నాల్గవదానికి 23,642, అయిదవదానికి 29,316. బాకీ పత్రము వ్రాయించుకొను దినమున పదివేలును, ఏడాది కయ్యెడి 12,400యును మాత్రమే మాటలలో వచ్చును. ఆ రెండు చుక్కలును రెండు వడ్డీలకును సమానమే. తల్లిదండ్రులు ఈ సంచికను చూచునప్పుడు ఈ రెండు వరుసలను పిల్లలచేత ఒకే కాగితముమీద పెట్టింపుడు: అడ్డముగా సంవత్సరమునకు రెండు గళ్లు, నిలువుగా వేయి రూపాయలకు ఒక గడి. మొదటి రెండు చుక్కలమీద కొలబద్దను ఆనించి చూడుడు. చక్రవడ్డీ చుక్క మూడవదానికడ సగము గడికి కొంచెము ఎక్కువగా పైకి లేచియుండును. ఆఱవదానికడ ఏడు గళ్లకు మీఱి యుండును.